తిరిగేదొకటి, మోసేదొకటి

కఠోపనిషత్తులో ఒక రథం ఉంది. శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్న ఆసామి, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, అవి పరుగెత్తే దారులు విషయాలు. యముడు నచికేతుడికి ఈ లెక్క అప్పజెబుతాడు. ప్రవచనంలో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా నాకొక సందేహం. గుర్రాలున్నాయి, పగ్గాలున్నాయి, తోలేవాడున్నాడు, కూర్చున్నవాడున్నాడు. మరి ఇరుసు ఏదీ? చక్రాల ఊసు కూడా లేదు. అవి లేకుండా ఆ రథం గడప దాటదు కదా.

నాకు ఈ సందేహం చదువు వల్ల రాలేదు, చేసే పని వల్ల వచ్చింది. మంత్రాలయం మండలం మాధవరంలో రోడ్డు పక్కన షెడ్డు నాది. తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పత్తి, ఉల్లి, మిరప వేసుకుని తిరిగే చిన్న బండ్లు, మేం రాయరు అని పిలుచుకునే మంత్రాలయం రాఘవేంద్రస్వామి దర్శనానికి జనాన్ని కుక్కుకుని వచ్చే జీపులు, టైరు బండ్లు, ట్రాక్టరు ట్రాలీలు, వీటి కింద వెల్లకిలా పడుకునే నా వయసు గడిచింది. మా నాయన వడ్రంగి, ఎద్దుల బండ్లు చేసేవాడు. ఆయనది కొయ్య పని, నాది ఇనుప పని. ఇద్దరికీ అన్నం పెట్టింది మాత్రం ఇరుసే.

పాత పుస్తకాలన్నీ ఇరుసును మరిచిపోలేదు. మిలిందుడనే యవన రాజు నాగసేనుడనే బౌద్ధ భిక్షువు దగ్గరికి రథమెక్కి వచ్చినప్పుడు ఆ భిక్షువు అడిగిన ప్రశ్నల్లో ఇరుసు ఉంది. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఒక్కొక్కటీ అడిగి, ఏదీ కాదనిపించి, మనిషిలో 'నేను' అనేదాన్ని కూడా అట్లాగే విడదీసి చూపిస్తాడు. బండిని ఊడదీసి నేల మీద పరిచిన రోజు ఎవరికైనా ఆ భిక్షువు మాట నిజమే అనిపిస్తుంది. బిగించిన రోజు అనిపించదు.

అంతకన్నా ముందే ఋగ్వేదంలో ఇరుసు వచ్చింది. మొదటి మండలం 164వ సూక్తం దీర్ఘతమసుడనే ఋషిది. అందులో అయిదు ఆకుల చక్రం ఒకటి తిరుగుతుంటుంది, లోకాలన్నీ దాని మీదే నిలిచి ఉంటాయి. అంత బరువున్నా ఆ చక్రం ఇరుసు వేడెక్కదంటాడు ఆయన, ఎంత కాలమైనా విరగదంటాడు. ఈ మాట విన్ననాడు నాకు ఆ ఋషి మీద గురి కుదిరింది. గొప్పది, దివ్యమైనది, బంగారంతో చేసింది అని ఎవరైనా పొగుడుతారు. వేడెక్కదు అని పొగడాలంటే బండి ఆపి, వంగి, కుంభి మీద చెయ్యి పెట్టి చూసిన అలవాటుండాలి. ఈ రోజుకీ దూరం పోయి వచ్చిన బండి నా షెడ్డు ముందు ఆగితే నేను మొదట చేసే పని హబ్ మీద అరచెయ్యి ఆనించడం. చెయ్యి నిలవనంత కాలితే బేరింగు పోతోందని అర్థం. గ్రీజు ఎండిందో, నట్టు మరీ బిగించారో, రోలర్లు అరిగాయో తర్వాత తేలుతుంది.

నేను అడగాలనుకున్నది వేరే. లోకాన్ని నడిపించేవాడూ లోకాన్ని మోసేవాడూ ఒకడేనా? మనిషి సంగతీ అంతే. పని చేసేవాడు ఆ పని బరువు కూడా మోయాలా? వేదాంతులు దీన్ని కర్తృత్వమని పెద్ద పేరు పెట్టి వాదించుకున్నారు. నేను దీన్ని కింద పడుకుని నేర్చుకున్నాను కాబట్టి కింది నుంచే చెబుతాను.

ఎద్దుల బండి ఇరుసు తిరగదు. పట్నం పిల్లలకు ఇది చెబితే నమ్మరు. అది బండి కింద అడ్డంగా బిగించిన కడ్డీ. దాని రెండు కొసల మీద చక్రాలు తిరుగుతాయి, చక్రం జారి బయటికి రాకుండా కొసన శీల ఉంటుంది. కుంభిలో ఇనుప బుష్, దానికీ ఇరుసుకూ మధ్య కందెన. మా నాయన కాలంలో కందెన అంటే ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపిన ముద్ద. వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడగట్టేవాళ్లు. తర్వాత టైరు బండ్లు వచ్చాయి, కందెన పోయి గ్రీజు వచ్చింది, బుష్ పోయి టేపర్ రోలర్ బేరింగు వచ్చింది. ఆ బేరింగుకు 1898లో పేటెంటు పుచ్చుకున్న హెన్రీ టిమ్కెన్ కూడా గుర్రపు బండ్లు చేసినవాడే. మలుపులో చక్రాన్ని పక్కకు తోసే బలం, పైనుంచి పడే బరువు, రెండూ ఒకేసారి తట్టుకునేలా రోలర్లను ఏటవాలుగా పెట్టాడు. ఎన్ని మారినా ఇరుసు మాత్రం తిరగలేదు. లాగే పని ఎద్దులది, తిరిగే పని చక్రానిది, మోసే పని ఇరుసుది. ఎవరి పని వాళ్లకుంది. అట్లాంటి ఇరుసు మరీ ఎక్కువ వేస్తే వంగుతుంది, అరుగుతుంది. ఉన్నట్టుండి పుటుక్కున విరగడం మాత్రం అరుదు.

విరగడం అనేది ఇరుసు తిరగడం మొదలుపెట్టాక వచ్చిన రోగం. దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నవాళ్లు రైలువాళ్లు. రైలు చక్రాలను ఇరుసుకు బిగించేస్తారు, రెండు చక్రాలూ ఇరుసూ ఒక్కటిగా తిరుగుతాయి. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ తిరిగి వస్తున్న రైలుకు ముందు ఇంజను ఇరుసు విరిగింది. వెనక పెట్టెలు ఒకదాని మీదకొకటి ఎక్కి తగలబడ్డాయి. పెట్టెలకు బయటినుంచి తాళాలు వేసి ఉండడంతో 50 మందికి పైగా లోపలే కాలిపోయారు. ఎన్నో సముద్రాలు తిరిగొచ్చిన దుర్విల్ అనే నావికుడు భార్యాబిడ్డలతో సహా ఆ మంటల్లోనే పోయాడు. మంచి ఇనుము, మోయగల బరువే, అయినా ఎందుకు విరిగిందో అప్పుడెవరికీ తెలియలేదు. ఇనుము ముసలిదై లోపల గుణం మారిపోయిందన్నారు కొందరు. తర్వాత ప్రష్యా రైల్వేలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు ఇరుసులను యంత్రానికి బిగించి, బరువు వేలాడదీసి, విరిగేదాకా తిప్పి తిప్పి లెక్క తేల్చాడు.

లెక్క చిన్నదే. బరువు పడిన ఇరుసు కంటికి కనిపించనంత వంగుతుంది. వంగినప్పుడు ఒక పక్క పొర నొక్కుకుంటుంది, ఎదుటి పక్క పొర సాగుతుంది. ఇరుసు తిరగకపోతే నొక్కుకున్నది నొక్కుకునే ఉంటుంది, సాగింది సాగే ఉంటుంది. రెండూ తమ కష్టానికి అలవాటు పడతాయి. అదే ఇరుసు తిరిగితే, ఇప్పుడు నొక్కుకున్న పొర అరచుట్టు తర్వాత సాగాలి, మళ్లీ నొక్కుకోవాలి. మా వైపు నడిచే చిన్న పికప్పు టైరు ఒక కిలోమీటరుకు సుమారు 450 చుట్లు తిరుగుతుంది. 100 కిలోమీటర్లకు 45,000. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో చక్రాన్ని తిప్పే ఇరుసు, అంటే షాఫ్టు, నాలుగున్నర కోట్ల సార్లు అటూ ఇటూ అయి ఉంటుంది. మోయడం దాన్ని విరగ్గొట్టలేదు, తిరగడమూ విరగ్గొట్టలేదు. మోస్తూ తిరగాల్సి రావడం విరగ్గొట్టింది.

విరిగిన ముఖాన్ని చూస్తే కథంతా కనిపిస్తుంది. ఒక అంచున ఎక్కడో చిన్న గీత, తుప్పు గుంట, లేకపోతే లేతులో పదునుగా వదిలేసిన మూల. అక్కడినుంచి లోపలికి నున్నగా, మెరుస్తూ, వంపు వంపుగా గీతలు. ఆ గీతలు పగులు నెలల తరబడి మెల్లమెల్లగా పాకిన గుర్తులు. మిగిలిన భాగం గరుకుగా, గింజ గింజగా ఉంటుంది, అది ఒక్క క్షణంలో తెగింది. డ్రైవరు వచ్చి "నిన్న కల్వర్టు గుంతలో దిగింది అన్నా, అందుకే పోయింది" అంటాడు. గుంత చివరి కారణం మాత్రమే. నున్నటి భాగం ఎక్కువుంటే పగులుతోనే చాలా దూరం నడిచిందని, గరుకు భాగం ఎక్కువుంటే బరువు మితిమీరిందని లెక్క. సంచితం, ప్రారబ్ధం అని పెద్దలు చెప్పింది నాకు ఈ ముఖంలో కనిపించినంత తేటగా ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. ఒక తేడా ఉంది. పుస్తకంలో పూర్వజన్మ పాపం నాదే. షాఫ్టు విషయంలో మొదటి గీత పెట్టినవాడు ఒకడు, బరువు వేసినవాడు ఇంకొకడు, విరిగింది షాఫ్టు.

ఇక్కడ ఇంకొక ఇరుసు సంగతి చెప్పాలి. ఇంజను శక్తి వెనక చక్రాలకు పోయే బండిలో బరువును హౌసింగ్ అనే గొట్టం మోస్తుంది, దాని లోపలి షాఫ్టు చక్రాన్ని తిప్పుతుంది. చిన్న బండ్లలో ఎక్కువ వాటికి చక్రాన్ని నేరుగా షాఫ్టు కొసకే బిగిస్తారు. అప్పుడు చివరి జానెడు దూరంలో బండి బరువు షాఫ్టు మీద కూడా పడుతుంది. అది తిప్పాలి, మోయాలి. దీన్ని సెమీ ఫ్లోటింగ్ అంటాం. షాఫ్టు విరిగితే చక్రం బండిని వదిలి పోతుంది. పెద్ద లారీల్లో అట్లా కాదు. హబ్ రెండు బేరింగుల మీద హౌసింగ్ పైనే కూర్చుంటుంది. బరువంతా గొట్టానిది. షాఫ్టు లోపల తేలుతూ ఉంటుంది, దాని పని తిప్పడం ఒక్కటే. ఇది ఫుల్ ఫ్లోటింగ్. దీంట్లో ఒక వింత ఉంది. హబ్ మీద బోల్టులు విప్పి షాఫ్టును బయటికి లాగేస్తే లారీ ఒరగదు, కుంగదు, తన నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంటుంది. చూడనివాళ్లకు చూపిస్తే నోరు తెరుస్తారు. అంతసేపూ బండిని నడిపించినవాడు బండి బరువులో ఒక్క కిలో కూడా మోయలేదన్నమాట.

గీత నాకు అక్కడ అర్థమైంది. పని నీది, ఫలం మీద హక్కు నీది కాదు అన్న మాట అందరికీ తెలిసిందే. దానికి జతగా తొమ్మిదో అధ్యాయంలో ఇంకొక మాట ఉంది. నన్నే తలచేవాళ్ల యోగక్షేమం నేను మోస్తాను అంటాడు కృష్ణుడు. చూసుకుంటాను, ఇస్తాను అనలేదు, మోస్తాను అన్నాడు. రెండూ కలిపితే తిప్పే పని అర్జునుడిది, మోసే పని ఆయనది. పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పాడు. పని జరిగే ఆధారం, కర్త, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. తాను ఒక్కడే చేస్తున్నాననుకునేవాడికి కళ్లు లేనట్టే అన్నాడు. హౌసింగ్‌ను చూడకుండా షాఫ్టే బండి అనుకునేవాడి సంగతీ అంతే.

ఇదంతా నేను మంత్రాలయంలో పాఠం చెప్పే ఒక ఆచార్లుతో అన్నాను. ఆయన నవ్వి, "ఏమప్పా, నువ్వు ఇరుసు దగ్గర ఆగిపోయినావు, వడ్రంగి దగ్గరికి రా" అన్నారు. బ్రహ్మసూత్రాల్లో జీవుడి కర్తృత్వం గురించి వాదన నడిచే చోట వడ్రంగి ఉపమానం ఉందట. శంకరాచార్యులు దానికి చెప్పిన అర్థం ఒకటి. వడ్రంగి ఉలి, బాడిస చేతపట్టినప్పుడు కర్త, అవి దించి ఇంటికి పోయి కూర్చుంటే ఏ బాధా లేనివాడు. కర్తృత్వం పనిముట్లతో వచ్చి వాటితోనే పోయేది, ఆత్మకు సహజం కాదు. మధ్వాచార్యుల అర్థం వేరు. వడ్రంగితో పని చేయించేవాడు ఒకడుంటాడు, ఆయన చెబితేనే ఇతను చేస్తాడు, అయినా చెక్కేది ఇతనే. జీవుడూ అంతే, కర్తే, కానీ స్వతంత్రుడు కాదు. విష్ణువు ఒక్కడే స్వతంత్రుడు, మిగిలినవన్నీ పరతంత్రం. రాయరు తంత్రదీపిక రాసింది ఆ సూత్రాల మీదేనని కూడా ఆచార్లు చెప్పారు.

రెండింట్లో మధ్వుల అర్థమే నాకు చేతికి తగిలింది. శంకరుల వడ్రంగి ఇంటికి పోయి విశ్రాంతిగా కూర్చుంటాడు. మా నాయన ఎన్నడూ అట్లా కూర్చోలేదు. ఉలి దించినా భుజం నొప్పి దిగేది కాదు. షాఫ్టు కూడా తనంత తాను తిరగదు. ఇంజను, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, క్రౌన్ పినియన్, ఇన్ని చేతులు మారి బలం దాని దగ్గరికి వస్తుంది. అయినా చక్రాన్ని తిప్పేది అదే, అది తెగితే ఇంజను ఎంత అరిచినా బండి కదలదు. పరతంత్రమే, కానీ ఉత్తిది కాదు. మా నాయనకు ఈ వడ్రంగి ఉపమానం చెప్పాను. బ్రహ్మసూత్రాల్లో తన కులవృత్తి ఉన్నందుకు పొంగిపోతాడనుకున్నా. ఆయన అంతా విని, "పని చెప్పినోడు కూలి ఇయ్యకపోతే ఎట్లంట?" అన్నాడు. ఆచార్లును అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కానీ నన్ను సతాయించేది కూలి సంగతి కాదు. ఫుల్ ఫ్లోటింగ్ ఎవరికి దొరుకుతుంది? రెండో ప్రపంచ యుద్ధానికి విల్లీస్ కంపెనీ చేసిన సైన్యం జీపు వెనక ఇరుసు ఫుల్ ఫ్లోటింగ్. అంత చిన్న బండికి అంత మంచి ఇరుసు పెట్టారు, ఎందుకంటే యుద్ధంలో చక్రం ఊడకూడదు. యుద్ధం అయిపోయాక అదే జీపును రైతుల కోసం, జనం కోసం చేసినప్పుడు కొద్దికాలానికే సెమీ ఫ్లోటింగ్‌కు మారారు. ఖర్చు తక్కువ, సామాను తక్కువ, మామూలు వాడకానికి చాలు. గీత చెప్పింది కూడా యుద్ధభూమిలో, ఒక రాజకుమారుడికి. బరువు నాకు వదిలి పని చేయి అనే మాట వినడానికి ఆయనకు పక్కన కృష్ణుడే ఉన్నాడు. ఎమ్మిగనూరు సంతకు పోయి ఉల్లి అమ్ముకుని, ఆ డబ్బుతో వడ్డీ కట్టి, బిడ్డ ఫీజు కట్టి, మళ్లీ విత్తనానికి అప్పు చేసే మనిషికి తిప్పడమూ మోయడమూ విడివిడిగా రావు. సంసారి బతుకు సెమీ ఫ్లోటింగ్‌గానే తయారవుతుంది. అతనికి వైరాగ్యం బోధించేవాళ్లు ముందు అతని హబ్ మీద చెయ్యి పెట్టి చూడాలి.

మోస్తూ తిరిగేవాళ్లలో కైకేయి ఒకతె. యుద్ధంలో దశరథుడి రథం ఇరుసు శీల ఊడిపోతే ఆ రంధ్రంలో చెయ్యి పెట్టి రథాన్ని నిలబెట్టిందని అధ్యాత్మ రామాయణం. వాల్మీకిలో ఈ చెయ్యి పెట్టడం లేదు, మూర్ఛపోయిన మొగుణ్ణి యుద్ధం నుంచి తప్పించి తీసుకుపోయింది, అంతే. మా అవ్వ మాత్రం శీల కథే చెప్పేది, అదీ కైకేయి వైపు నిలబడి. తిరిగే చక్రం పక్కన చెయ్యి పెట్టినదాని నొప్పి ఎవరూ అడగలేదు, తర్వాత వరాలు అడిగింది మాత్రం అందరూ పట్టుకున్నారు అనేది. కైకేయి అడిగింది తప్పే. కానీ మోసినవాళ్లు లెక్క దాచుకుంటారన్నది తీసిపారేసే మాట కాదు. బరువును వదిలేయమనే ముందు ఆ లెక్క ఎవరో ఒకరు చూడాలి.

మధ్వమతంలో నాకు ఎక్కనిది ఒకటుంది, తారతమ్యం. జీవుడికీ జీవుడికీ స్వభావంలోనే తేడా ఉంది, మోక్షంలో కూడా ఆనందం ఎక్కువ తక్కువలుగా ఉంటుంది, కొందరు ముక్తికి యోగ్యులు, కొందరు నిత్యసంసారులు ఎప్పటికీ తిరుగుతూనే ఉంటారు, కొందరు చీకటికే పోతారు అని ఆ సిద్ధాంతం. భేదం నిజమంటే ఒప్పుకుంటాను. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ. రెంటినీ ఒకే వేగంతో తిప్పితే టైరు ఒరుసుకుపోతుంది. ఫ్రాన్సులో పెక్యోర్ అనే ఆయన 1820ల చివర డిఫరెన్షియల్ కనిపెట్టింది ఇందుకే. రెండు చక్రాలకూ తిప్పే బలం సమానం, వేగం ఎవరి దారిని బట్టి వాళ్లకు. వినడానికి ధర్మంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ బండిని వానాకాలంలో ఆదోని చుట్టుపక్కల నల్లరేగడిలో దింపండి. కుడి చక్రం గట్టి నేల మీద, ఎడమ చక్రం అడుసులో. అడుసులో ఉన్నదానికి పట్టు లేదు కాబట్టి కొద్దిపాటి బలానికే గిరగిరా తిరుగుతుంది. డిఫరెన్షియల్ రెంటికీ సమానంగా ఇవ్వాలి కదా, కాబట్టి గట్టి నేల మీది చక్రానికి కూడా ఆ కొద్దిపాటిదే అందుతుంది. అది కదలదు. ఒకటి ఊరకే తిరుగుతుంది, ఒకటి ఊరకే నిలబడుతుంది, ఇంజను కాలుతుంది. అడుసులో తిరిగేదాన్ని చూసి ఇది నిత్యసంసారి అనాలా? రెండూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే అచ్చులో వచ్చిన చక్రాలు. రేపు ఇంకొక దారిలో ఈ ఎడమదే గట్టి నేల మీద ఉంటుంది. తేడా నేలలో ఉంది. దాని కింద ఒక బండరాయో, కంపో, గోనెపట్టో వేస్తే అదే చక్రం బండిని గట్టుకెక్కిస్తుంది. కర్ణుడి చక్రాన్ని భూమి మింగినప్పుడు ఆయన కిందికి దిగి చేత్తో ఎత్తబోయాడు. చక్రం లోపమని ఎవరూ అనలేదు, శాపమన్నారు, భూమి అన్నారు.

అనుభవమున్న డ్రైవర్లు ఇంకొకటి చేస్తారు. అడుసులో చక్రం తిరుగుతుంటే హ్యాండ్‌బ్రేకు కొద్దిగా లాగుతారు. ఊరికే తిరిగే చక్రానికి అడ్డం పడుతుంది, దానికి కావలసిన బలం పెరుగుతుంది, సమానంగా ఇవ్వాలి కాబట్టి రెండో చక్రానికీ అంతే పెరుగుతుంది, బండి మెల్లగా పాకుతుంది. దీన్ని నిగ్రహమని ప్రవచనం చెప్పుకోవచ్చు. నేను చెప్పను, ఎందుకంటే నిగ్రహం బోధించేవాళ్లు ఎప్పుడూ అడుసులో ఉన్న చక్రానికే బోధిస్తారు. ఆచార్లు మాత్రం నా మాట ఒప్పుకోలేదు. "చక్రం జడం అప్పా, జీవుడు చేతనుడు, నీ ఉపమానం అక్కడ తెగిపోతుంది" అన్నారు. తెగుతుందని నాకూ తెలుసు. ఎక్కడ తెగిందో ఆ ముఖం చూద్దామనే నా పట్టు. వాదన ఇంకా నడుస్తోంది.

పరతంత్రం అనే మాటను వాడుకునేవాళ్లు వేరే ఉన్నారు. పత్తి కాలంలో ఆర్‌సీలో రాసినదానికి రెండింతలు వేసి పంపే ఓనర్లు. కమాన్ కట్టలకు ఇంకో రెండు పట్టీలు చేర్చితే బండి కుంగదు, బాగానే మోస్తోందనిపిస్తుంది. పట్టీలు చేర్చగలం, షాఫ్టును లావు చెయ్యలేం. బరువు ఒక హద్దు లోపల ఉంటే ఉక్కు కోట్ల చుట్లు ఓర్చుకుంటుందని, హద్దు దాటితే దాని చుట్లు ఇన్ని అని లెక్క పడిపోతుందని వోలర్ తేల్చి నూటయాభై ఏళ్లు దాటింది. ఓనరు ముందు అద్దం మీద రాయరి బొమ్మ అంటిస్తాడు, కొత్తలో టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తాడు, "అంతా స్వామి చూసుకుంటాడు" అంటాడు. బరువు దేవుడి మీద వేసినవాడు భక్తుడైతే, ఇతనూ భక్తుడే కావాలి. కానీ ఇతను వేసింది తన బరువు కాదు. తన లాభాన్ని డ్రైవరు ప్రాణం మీద వేసి, డ్రైవరును దేవుడి మీద వేశాడు. గీతలో కృష్ణుడు ఆ ఒప్పందం ఎవరితోనూ చేసుకోలేదు.

మొన్న పత్తి దింపి వస్తున్న ఒక పికప్పును లాక్కొచ్చారు. ఎడమ షాఫ్టు బేరింగు పక్కన తెగింది. చక్రం షాఫ్టు ముక్కతో సహా బయటికి జారి మడ్‌గార్డుకు తగులుకుని ఆగింది, లేకపోతే ఏం జరిగేదో. విరిగిన ముఖం చూశాను. గరుకు భాగమే ఎక్కువ. డ్రైవరు కుర్రాడు వణుకుతూ టీ తాగుతున్నాడు. ఓనరు వచ్చి, "వెల్డింగ్ పెట్టు అన్నా, ఈ సీజను గడిస్తే చాలు" అన్నాడు.

షాఫ్టుకు వెల్డింగ్ పెట్టకూడదు. అది గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన పెళుసవుతుంది, ఇంకో పక్క మెత్తబడుతుంది, మళ్లీ అక్కడే తెగుతుంది. ఆ మాటే చెప్పాను. "అంత ఉండదులే అన్నా, రాయరు ఉన్నాడు" అన్నాడు.

మా ఊళ్లో పుట్టినవాడికి ఆ మాటకు జవాబు వెతుక్కోవలసిన పని లేదు. 1671లో రాయరు బృందావనప్రవేశం చేసే ముందు దివాన్ వెంకన్న ఒక బృందావనం చెక్కించి సిద్ధం చేసి పెట్టాడని స్థలపురాణం. రాయరు దాన్ని చూసి, ఇది నాకు కాదు, తర్వాత వచ్చే వాదీంద్రుడికి ఉంచు అని పక్కన పెట్టించారు. మాధవరంలో ఫలానా బండ ఉంది, సీతను వెతుక్కుంటూ వచ్చిన రాముడు దాని మీద కూర్చున్నాడు, ఆ రాయి తెచ్చి చెక్కించు అన్నారు. ఈ కథ మా ఊళ్లో ఎరగనివాడు లేడు.

"రాయరు ఉన్నాడు, కాదనను. ఆయన తన కోసం సామాను ఎట్లా ఎంచుకున్నాడో నీకు తెలుసు కదా" అన్నాను. "చెక్కి సిద్ధంగా ఉన్నదాన్ని కూడా వద్దని మా ఊరి రాయి తెప్పించుకున్నాడు. నువ్వు విరిగినదానికి అతుకు వేయమంటున్నావు."

ఓనరు కాసేపు గొణిగి, ఆదోనిలో స్పేర్ పార్ట్స్ కొట్టుకు ఫోన్ చేసి షాఫ్టు ధర అడిగాడు. రెండోవైపుది కూడా మార్చమని నేను పక్కనుంచి చెప్పాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు. కుడి షాఫ్టు బయటికి లాగి, కిరోసిన్‌తో కడిగి, ఎండలో పెట్టి, పగులు కోసం అంగుళం అంగుళం చూసి బిగించాను. బండిలో వేసే బరువు గురించి కూడా చెప్పాను. తలూపాడు. డ్రైవరు తలూపలేదు, నన్నే చూస్తూ నిలబడ్డాడు. బేరం కుదుర్చుకోవడం తెలియని వయసు. అతనికి చక్రం నట్లు ఎట్లా చూసుకోవాలో, ఆగిన ప్రతిసారీ హబ్ మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించాను.